కంఠ పాపిల్లోమా వ్యాధి

కంఠ పాపిల్లోమా వ్యాధి అనగా స్వరపేటికలోను, శ్వాసమార్గపు ఇతర భాగాలలోను పులిపిరుల వంటి బుడిపెలు పదే పదే మొలిచే వ్యాధి. దీనికి కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. దీనిని పొడి అక్షరాలలో హెచ్.పి.వి. అంటారు. ఈ బుడిపెలు క్యాన్సర్ కావు. శస్త్రచికిత్సతో వీటిని తొలగించవచ్చు. కాని వైరస్ చుట్టుప్రక్కల కణాలలో నిలిచి ఉండడం వలన చాలామందిలో ఇవి మళ్ళీ పెరుగుతాయి. అందువలన ఈ వ్యాధిగ్రస్తులు ఏళ్ళ తరబడి, కొందరు జీవితాంతం, ఆసుపత్రికి వెళ్ళి వస్తూనే ఉండవలసి వస్తుంది.

ఇదే వైరస్ కుటుంబంలోని మరొక రకం గొంతు క్యాన్సర్‌కు కారణమవుతుంది. రెండు వ్యాధులకు వైరస్ పేరు ఒకటే కావడం వలన రోగులు, వారి కుటుంబీకులు తరచు రెండింటిని ఒకటిగా భావించి భయపడతారు. ఈ రెండింటికి కారణమైన వైరస్ రకాలు వేరు, అవి సోకే చోట్లు వేరు, చికిత్సలు వేరు. అయితే రెండింటిని నివారించగల టీకా మాత్రం ఒకటే.

పేరు

లాటిను భాషలో పాపిల్లా అనగా చనుమొన, చిన్న బుడిపె. గ్రీకు భాష నుండి వచ్చిన ఓమా అనే ప్రత్యయానికి వైద్యశాస్త్రంలో కణితి అని అర్థం. చనుమొన ఆకారంలో పెరిగే కణితి కనుక దీనికి పాపిల్లోమా అని పేరు వచ్చింది. చర్మంపై మొలిచే పులిపిరులు కూడా ఈ జాతివే. స్వరపేటికలో ఇవి లేత గులాబీ రంగులో, ద్రాక్షగుత్తి లాగా గుంపుగా కనిపిస్తాయి. శ్వాసమార్గంలో ఎక్కడైనా రావచ్చు కనుక, తిరగబెడుతుంది కనుక వైద్యులు దీనిని పునరావృత శ్వాసమార్గ పాపిల్లోమా వ్యాధి అని వ్యవహరిస్తారు.

వైరస్

హెచ్.పి.వి.లో 200కు పైగా రకాలు ఉన్నాయి. వీటికి పేర్లు లేవు, సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. ఇది సుమారు 8,000 జత క్షారాలు గల చిన్న డి.ఎన్.ఏ. వైరస్. చర్మాన్ని, నోరు, గొంతు, జననాంగాల లోపలి పొరలను కప్పి ఉండే ఉపకళా కణజాలంలో మాత్రమే ఇది నివసిస్తుంది. చిన్న గాయం ద్వారా ఉపకళ అడుగు పొరను చేరి, అక్కడి కణాలలో మకాం వేస్తుంది.

గొంతుకు సంబంధించినంతవరకు ముఖ్యమైన రకాలు మూడు.

6, 11 రకాలు: ఇవి తక్కువ ప్రమాదం గల రకాలు. స్వరపేటికలో పాపిల్లోమాలను, జననాంగాలపై పులిపిరులను కలుగజేస్తాయి. వీటిలో 11వ రకం వలన వచ్చే వ్యాధి సాధారణంగా ఎక్కువ తీవ్రంగా ఉంటుంది.

16వ రకం: ఇది ఎక్కువ ప్రమాదం గల రకం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఇదే. టాన్సిల్ గ్రంథులలోను, నాలుక మొదలులోను వచ్చే హెచ్.పి.వి. క్యాన్సర్లలో సుమారు 90 శాతం దీని వలననే వస్తాయి.

16వ రకం తయారుచేసే ఈ6, ఈ7 అనే ప్రోటీనులు కణ విభజనను అదుపులో ఉంచే పి53, ఆర్‌బి అనే రెండు రక్షక ప్రోటీనులను పనిచేయకుండా చేస్తాయి. అదుపు తప్పిన కణం కొన్ని దశాబ్దాల తరువాత క్యాన్సర్‌గా మారవచ్చు. 6, 11 రకాలలో కూడా ఈ ప్రోటీనులు ఉన్నాయి గాని వాటి ప్రభావం బలహీనం. కనుకనే అవి బుడిపెలను పెంచుతాయి గాని క్యాన్సర్‌ను కలిగించడం అరుదు.

ఎవరికి వస్తుంది

ఈ వ్యాధి అరుదైనది. అమెరికాలో 1990లలో వేసిన అంచనా ప్రకారం లక్ష మంది పిల్లలలో సుమారు నలుగురికి, లక్ష మంది పెద్దలలో సుమారు ఇద్దరికి ఇది ఉన్నది. అయినప్పటికి పిల్లల స్వరపేటికలో వచ్చే క్యాన్సర్ కాని కణితులలో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది.

పిల్లలలో వచ్చే రకం ఎక్కువగా రెండు నుండి నాలుగు సంవత్సరాల వయసులో బయటపడుతుంది. ప్రసవ సమయంలో తల్లి జననమార్గంలోని వైరస్ బిడ్డకు చేరడం దీనికి ముఖ్య కారణం. తొలి కాన్పు, చిన్న వయసు తల్లి, సహజ ప్రసవం అనే మూడు అంశాలు ఈ పిల్లలలో తరచు కలిసి కనిపిస్తాయి. అయితే తల్లికి వైరస్ ఉన్నంత మాత్రాన బిడ్డకు వ్యాధి రాదు. డెన్మార్కులో జరిగిన అధ్యయనం ప్రకారం, జననాంగ పులిపిరులు ఉన్న తల్లులకు జరిగిన ప్రతి 1,000 కాన్పులలో సుమారు 7 మంది బిడ్డలకు మాత్రమే ఈ వ్యాధి వచ్చింది. ఈ కారణం చేతనే, కేవలం దీనిని నివారించడానికి సిజేరియన్ శస్త్రచికిత్స చేయాలని వైద్యులు సూచించరు.

పెద్దలలో వచ్చే రకం ఎక్కువగా 20 నుండి 40 సంవత్సరాల మధ్య మొదలవుతుంది. ఇది పుట్టుకతో చేరి నిద్రాణంగా ఉన్న వైరస్ వలన గాని, పెద్దయిన తరువాత లైంగిక సంపర్కం ద్వారా సోకిన వైరస్ వలన గాని కావచ్చు.

లక్షణాలు

మొట్టమొదటి లక్షణం గొంతు బొంగురుపోవడం. స్వరతంతువుల అంచున చిన్న బుడిపె మొలిచినా స్వరం మారిపోతుంది. జలుబు చేసినపుడు వచ్చే బొంగురు వారం పది రోజులలో తగ్గుతుంది, ఇది తగ్గదు. పసిపిల్లలలో ఏడుపు బలహీనంగా, గరగరగా ఉంటుంది.

బుడిపెలు పెరిగిన కొద్దీ శ్వాసమార్గం ఇరుకవుతుంది. గాలి పీల్చినపుడు కీచుమనే ధ్వని వస్తుంది. పిల్లల స్వరపేటిక చాలా చిన్నది కనుక వారిలో ఊపిరాడని స్థితి త్వరగా రావచ్చు. ఈ ధ్వనిని, ఆయాసాన్ని ఉబ్బసంగానో, ఊపిరితిత్తుల వాపుగానో పొరబడి నెలల తరబడి వేరే మందులు వాడడం తరచు జరుగుతుంది. ఉబ్బసం మందులకు లొంగని ఆయాసంతో పాటు బొంగురు గొంతు ఉన్న పిల్లలను చెవి, ముక్కు, గొంతు వైద్య నిపుణులకు తప్పక చూపించాలి.

రోగ నిర్ధారణ

సన్నని గొట్టం వంటి ఎండోస్కోపును ముక్కు ద్వారా పంపి స్వరపేటికను చూస్తారు. బుడిపెల ఆకారాన్ని బట్టి వ్యాధిని చాలావరకు గుర్తించవచ్చు. తరువాత మత్తుమందు ఇచ్చి, చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. ఈ పరీక్షను బయాప్సీ అంటారు. వ్యాధి తిరగబెట్టి శస్త్రచికిత్స చేసినపుడు కూడా ముక్కను పరీక్షకు పంపడం మంచి పద్ధతి. ఎందుకనగా కొద్ది శాతం రోగులలో ఏళ్ళు గడిచాక పాపిల్లోమా క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నది. బుడిపెలు ఊపిరితిత్తులలోకి వ్యాపించిన వారిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అటువంటి వ్యాప్తి చాలా కొద్దిమందిలోనే జరుగుతుంది.

చికిత్స

శస్త్రచికిత్స: ప్రధానమైన చికిత్స ఇదే. పూర్తి మత్తు ఇచ్చి, నోటి ద్వారా పరికరాలను పంపి, సూక్ష్మదర్శిని సాయంతో బుడిపెలను తొలగిస్తారు. బయట మెడపై కోత ఉండదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1970లలో వాడుకలోకి వచ్చింది. తరువాత తిరిగే చిన్న బ్లేడుతో కణజాలాన్ని చెక్కి పీల్చివేసే మైక్రోడిబ్రైడర్, రక్తనాళాలను లక్ష్యంగా చేసుకునే కె.టి.పి. లేజర్ వచ్చాయి.

శస్త్రచికిత్స ఉద్దేశం వైరస్‌ను నిర్మూలించడం కాదు. గాలి పోయే మార్గాన్ని తెరచి ఉంచడం, స్వరాన్ని కాపాడడం మాత్రమే. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో కూడా వైరస్ ఉంటుంది కనుక ఎంత లోతుగా కోసినా ప్రయోజనం లేదు. పైగా స్వరతంతువులు మచ్చకట్టి బిగుసుకుపోతాయి. రెండు స్వరతంతువులు ముందువైపు కలిసే చోట రెండు ప్రక్కల ఒకేసారి కోస్తే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందువలన అనుభవజ్ఞులైన వైద్యులు అక్కడ కొంత బుడిపెను కావాలనే వదలివేస్తారు. ఇది తెలియని రోగులు వైద్యుడు పని సగంలో వదిలాడని భావించడం కద్దు.

మెడకు రంధ్రం చేసి శ్వాసగొట్టం అమర్చే ట్రకియాస్టమీని వీలైనంతవరకు చేయరు. ఆ రంధ్రం వద్ద, శ్వాసనాళం క్రింది భాగంలో కొత్త బుడిపెలు మొలిచే ప్రమాదం ఉంది. ప్రాణాపాయం ఉన్నపుడు మాత్రం అది తప్పదు.

మందులు: సంవత్సరానికి నాలుగు కంటే ఎక్కువ శస్త్రచికిత్సలు అవసరమైన వారికి, బుడిపెలు దిగువకు వ్యాపించిన వారికి మందులను కూడా జోడిస్తారు. ఇంటర్‌ఫెరాన్‌ను 1980లలో వాడారు. తరువాత సిడోఫోవిర్ అనే వైరస్ నిరోధక మందును బుడిపెలలోకి సూదితో ఎక్కించే పద్ధతి వచ్చింది. కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్‌ను బుడిపెలలోకి గాని, తీవ్రమైన వ్యాధిలో రక్తనాళం ద్వారా గాని ఇస్తారు. ఇవేవీ ఈ వ్యాధి కొరకు ప్రత్యేకంగా తయారైన మందులు కావు.

2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పాప్జిమియోస్ అనే మందును పెద్దలలో ఈ వ్యాధి చికిత్సకు ఆమోదించింది. ప్రత్యేకంగా ఈ వ్యాధి కొరకు ఆమోదం పొందిన మొదటి మందు ఇదే. ఇది 6, 11 రకాల వైరస్ ఉన్న కణాలను గుర్తించి నాశనం చేసేటట్లు శరీర రోగనిరోధక శక్తికి శిక్షణ ఇస్తుంది. 12 వారాల వ్యవధిలో నాలుగు సార్లు చర్మం క్రింద సూదిమందుగా ఇస్తారు. పరీక్షలో పాల్గొన్న 35 మందిలో 18 మందికి చికిత్స తరువాత 12 నెలల పాటు శస్త్రచికిత్స అవసరం రాలేదు.

వ్యాధితో జీవనం

ఈ వ్యాధి ఎప్పుడు తిరగబెడుతుందో ముందుగా చెప్పలేము. కొందరికి కొద్ది వారాలకే మళ్ళీ శస్త్రచికిత్స అవసరమవుతుంది. కొందరికి సంవత్సరాల తరబడి ఏ బాధా ఉండదు. పిల్లలలో కొందరికి వయసు పెరిగిన కొద్దీ వ్యాధి నెమ్మదిస్తుంది, కాని అందరికీ అలా జరుగుతుందనే హామీ లేదు. స్వరం క్రమంగా బరువెక్కడాన్ని బట్టి తదుపరి శస్త్రచికిత్స దగ్గర పడినదని చాలామంది రోగులు తామే గుర్తిస్తారు.

ఉపాధ్యాయులు, గాయకులు, పురోహితులు, న్యాయవాదులు, వ్యాపారులు మొదలైన గొంతుపై ఆధారపడే వృత్తులవారికి ఇది జీవనోపాధి సమస్య. వీరికి మైకు వాడడం, గట్టిగా అరవకుండా ఉండడం, శస్త్రచికిత్స తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులు మౌనం పాటించడం అవసరం. గుసగుసగా మాట్లాడడం మౌనం క్రిందికి రాదు, అది కూడా స్వరతంతువులకు శ్రమే. స్వర చికిత్సకుల వద్ద తీసుకునే శిక్షణ వైరస్‌పై పనిచేయదు గాని, మిగిలిన స్వరాన్ని తక్కువ శ్రమతో వాడుకోవడం నేర్పుతుంది. పొగ త్రాగడం మానివేయడం, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నకుండా చూసుకోవడం మంచిది.

బడి వయసు పిల్లల విషయంలో ఉపాధ్యాయుల పాత్ర ముఖ్యమైనది. హాజరు పిలిచినపుడు వినబడేటట్లు పలకలేని విద్యార్థిని నిర్లక్ష్యంగా ఉన్నాడని దండించరాదు. ముందు బెంచీలో కూర్చుండబెట్టడం, మౌఖిక పరీక్షకు బదులు వ్రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం, తోటి పిల్లలు గొంతును అనుకరించి ఎగతాళి చేయకుండా చూడడం అవసరం. ఆటల సమయంలో ఆయాసం, కీచుమనే ఊపిరి కనిపిస్తే వెంటనే తల్లిదండ్రులకు తెలియజేయాలి.

బిడ్డకు తన నుండి వ్యాధి వచ్చిందని తెలిసిన తల్లి అపరాధ భావానికి లోనవుతుంది. కుటుంబంలో నిందలు కూడా రావచ్చు. లైంగిక జీవితం గల స్త్రీపురుషులలో అత్యధికులకు ఏదో ఒక సమయంలో హెచ్.పి.వి. సోకుతుంది, చాలామందికి అది సోకిన సంగతే తెలియకుండా పోతుంది. కనుక ఇది ఎవరి శీలానికీ కొలబద్ద కాదు.

హెచ్.పి.వి. వలన వచ్చే గొంతు క్యాన్సర్

ఈ క్యాన్సర్ స్వరపేటికలో కాక దానికి పైన, నోటి వెనుక భాగంలో ఉండే టాన్సిల్ గ్రంథులలోను, నాలుక మొదలులోను వస్తుంది. నోటిలోకి చేరిన వైరస్‌ను చాలామంది శరీరం ఒకటి రెండు సంవత్సరాలలో తొలగించుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం అది దశాబ్దాల పాటు నిలిచిపోతుంది. వ్యాధి స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువ. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 16వ రకాన్ని ఈ క్యాన్సర్‌కు కారణంగా గుర్తించింది. అమెరికాలో ఈ భాగంలో వచ్చే క్యాన్సర్లలో సుమారు 70 శాతం హెచ్.పి.వి. వలన వచ్చేవే. భారతదేశంలో ఈ నిష్పత్తి తక్కువ. ఇక్కడ నోటి, గొంతు క్యాన్సర్లకు పొగాకు, గుట్కా, వక్క, మద్యం ముఖ్య కారణాలు. ఉత్తర కోస్తా ఆంధ్రలో చుట్టను నిప్పు వైపు నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వలన అంగిలిలో వచ్చే క్యాన్సర్ ఇందుకు ఉదాహరణ.

మెడలో నొప్పి లేని గడ్డ చాలామందిలో మొదటి లక్షణం. మింగేటప్పుడు ఇబ్బంది, ఒకవైపు చెవిపోటు, ఒక టాన్సిల్ మాత్రమే పెద్దది కావడం ఇతర లక్షణాలు. మూడు వారాలకు పైగా తగ్గని గడ్డను గాని, బొంగురును గాని ఉపేక్షించరాదు. బయాప్సీ ముక్కపై పి16 అనే పరీక్ష చేసి వైరస్ సంబంధాన్ని నిర్ధారిస్తారు.

వైరస్ వలన వచ్చిన క్యాన్సర్ పొగాకు వలన వచ్చిన దాని కంటే చికిత్సకు బాగా లొంగుతుంది. 2010లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, ముదిరిన దశలో ఉన్నవారిలో వైరస్ సంబంధం గలవారు 82.4 శాతం, లేనివారు 57.1 శాతం మూడేళ్ళ తరువాత జీవించి ఉన్నారు. పొగ త్రాగేవారిలో ఈ మేలు తగ్గుతుంది. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు, శస్త్రచికిత్స ముఖ్య చికిత్సలు.

వ్యాధి నయమైనవారు చాలా ఏళ్ళు జీవిస్తారు కనుక చికిత్స దుష్ఫలితాలతో కూడా అన్నేళ్ళు జీవించవలసి ఉంటుంది. లాలాజలం తగ్గి నోరెండిపోవడం, రుచి తెలియకపోవడం, మింగడంలో కష్టం, పళ్ళు పాడవడం, మెడ బిగుసుకుపోవడం, థైరాయిడ్ మందగించడం వీటిలో ముఖ్యమైనవి. రేడియేషన్‌కు ముందే దంతవైద్యునికి చూపించుకోవడం, చికిత్స కాలంలో మింగే వ్యాయామాలు మానకుండా చేయడం మేలు. మందు మోతాదు తగ్గించి ఈ బాధలను తగ్గించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అయితే సిస్‌ప్లాటిన్‌కు బదులు సెటుక్సిమాబ్ వాడి చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వెలువడినపుడు, కొత్త మందు పొందినవారిలో మరణాలు ఎక్కువని తేలింది. కనుక రోగులు స్వయంగా చికిత్సను తగ్గించుకోరాదు.

అపోహలు

పాపిల్లోమా ఉన్నవారితో కలిసి భోజనం చేయడం, ఒకే పాత్ర వాడడం, ఒకే బెంచీలో కూర్చోవడం వలన వ్యాధి అంటుకోదు.

జీవిత భాగస్వామికి గొంతు క్యాన్సర్ వచ్చినంత మాత్రాన రెండవవారికి వస్తుందని కాదు. దీర్ఘకాలం కలిసి జీవించిన దంపతులు తమ దాంపత్య జీవితాన్ని మార్చుకోవలసిన అవసరం లేదు.

పాపిల్లోమాకు రేడియేషన్ చికిత్స పనికిరాదు. గతంలో అలా చేసినపుడు కొందరిలో తరువాత క్యాన్సర్ వచ్చింది. అందుచేత ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

నివారణ

6, 11, 16, 18 రకాలను నిరోధించే గార్డాసిల్ టీకా 2006లో అమెరికాలో ఆమోదం పొందింది. 2014లో తొమ్మిది రకాలను నిరోధించే టీకా వచ్చింది. భారతదేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. ఇది కూడా 6, 11, 16, 18 రకాలపై పనిచేస్తుంది. 16, 18 రకాలకు మాత్రమే ఉద్దేశించిన సెర్వరిక్స్ వంటి టీకాలు పాపిల్లోమాల నుండి రక్షణ కొరకు తయారైనవి కావు. వైరస్ సోకక ముందే, 9 నుండి 14 సంవత్సరాల వయసులో టీకా వేయించడం ఉత్తమం.

ఆస్ట్రేలియా 2007లో బాలికలకు, 2013లో బాలురకు ఈ టీకాను జాతీయ కార్యక్రమంగా వేయడం మొదలుపెట్టింది. అక్కడ పిల్లలలో కంఠ పాపిల్లోమా కొత్త కేసులు 2012లో లక్షకు 0.16 ఉండగా, 2016 నాటికి 0.02కు తగ్గాయి. టీకా వేసుకున్న బాలికలు తల్లులైనపుడు వారి బిడ్డలకు వైరస్ చేరకపోవడమే దీనికి కారణం. గొంతు క్యాన్సర్‌కు దశాబ్దాల కాలం పడుతుంది కనుక దానిపై టీకా పూర్తి ప్రభావం ఆలస్యంగా తెలుస్తుంది.

తెలుగునాట ఈ టీకా చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉన్నది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు ప్రయోగాత్మకంగా టీకా వేయించాయి. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఈ కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం భావించలేదు. కాని తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాలపై సంతకాలు చేయడం వంటి లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా విమర్శించింది. టీకా ఎంత మంచిదైనా, తల్లిదండ్రులకు తెలియజెప్పి వారి అంగీకారం పొందవలసినదే అని ఈ ఉదంతం తెలుపుతుంది.

చరిత్ర

పిల్లల గొంతులోని పాపిల్లోమాలను ప్రత్యేక వ్యాధిగా 19వ శతాబ్దిలో ఆంగ్ల వైద్యుడు మోరెల్ మెకంజీ గుర్తించాడు. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయి స్వరతంతువుపై బుడిపె కనిపించింది. జర్మను వైద్యులు అది క్యాన్సర్ అని శస్త్రచికిత్సకు సిద్ధమయ్యారు. మెకంజీ తీసిన ముక్కలను పరీక్షించిన రుడాల్ఫ్ విర్కో వాటిలో క్యాన్సర్ కనుగొనలేదు. శస్త్రచికిత్స ఆగిపోయింది. ఫ్రెడరిక్ 1888లో చక్రవర్తి అయి, 99 రోజులు మాత్రమే పాలించి, గొంతు క్యాన్సర్‌తోనే మరణించాడు. బుడిపెకు, క్యాన్సర్‌కు తేడా తెలుసుకోవడం ఎంత కష్టమో, ఒక్క పరీక్షతో నిశ్చింతగా ఉండరాదని ఎందుకు చెబుతారో ఈ సంఘటన వలన తెలుస్తుంది.

1923లో ఉల్‌మన్ అనే వైద్యుడు ఒక బాలుని స్వరపేటిక నుండి తీసిన పాపిల్లోమా సారాన్ని తన ముంజేతిలోకి ఎక్కించుకొని, అక్కడ పులిపిరులు మొలవడం చూపి, ఇది అంటువ్యాధి కారకం వలన వస్తుందని నిరూపించాడు. 1980లలో జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం స్వరపేటిక పాపిల్లోమా నుండి 11వ రకాన్ని, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల నుండి 16, 18 రకాలను వేరుచేసింది. ఈ పరిశోధనలు టీకాకు దారి తీశాయి. జుర్ హౌసెన్‌కు 2008లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇవి కూడా చూడండి

స్వరపేటిక
పులిపిరి
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్
టాన్సిల్స్
టీకా